నామెన్ రాయికి రెండో వైపు

మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం టీకి కూర్చున్నప్పుడు, మా అత్తయ్య గోంత్యె తన సమాధి రాయి మీద చెక్కించుకోవాల్సిన మాటలు మాకు చదివి వినిపించింది.

ఆవిడకి ఏ జబ్బూ లేదు. ఎనభై మూడేళ్లు. ఆ రోజు పొద్దున్నే ఎదురుగాలిలో సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి రొట్టెలు తెచ్చింది. కానీ ఎవరి రాయి వాళ్లు బతికుండగానే చేయించుకోవడం మా దీవిలో పాత అలవాటు. తిమింగలాల వేటకి వెళ్లే కెప్టెన్లు అలాగే చేయించుకుని, గొడ్ల కొట్టం గోడకి ఆనించి ఉంచేవారు. పోయిన తేదీకి మాత్రం చోటు వదిలేవారు. వేరే ఊళ్లలో రాయి మీద పేరూ, రెండు తేదీలూ ఉంటే అదే ఎక్కువ. మా చర్చి దొడ్లో రాళ్లకి నోరు పెద్దది. ఎవరిని ఎవరు కట్టుకున్నారు, ఎన్నిసార్లు గ్రీన్‌లాండ్ వెళ్లారు, ఏ జ్వరంతో పోయారు, అన్నీ చెబుతాయి. ఎవరి గురించి వాళ్లే రాయించుకున్నారు కాబట్టి అక్కడ పడుకున్నవాళ్లంతా మంచివాళ్లే.

"'గోంత్యె రోర్డెన్,'" అని మొదలుపెట్టింది అత్తయ్య, కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని. "'దైవభక్తురాలు. ఓర్పు గలది. భర్త రోర్డ్‌తో నలభై నాలుగేళ్లు సంతృప్తిగా కాపురం చేసింది.'"

నా భర్త బ్రార్ టీకప్పులోకి చూస్తూ దగ్గాడు.

"ఏంట్రా?"

"ఏం లేదమ్మా. పొట్టేలు గుర్తొచ్చింది."

మామయ్య ఒకసారి ఆవిడనడక్కుండా పొట్టేలుని అమ్మేశాడు. అత్తయ్య పద్నాలుగు నెలలు ఆయనతో మాట్లాడలేదు. రొట్టెకి వెన్న కావాలంటే బ్రార్‌తో చెప్పేదట. వెన్న గిన్నె మామయ్య మోచేతి పక్కనే ఉండేదట.

"పద్నాలుగు నెలలు తీసేసినా నలభై రెండేళ్ల పైమాటే," అంది అత్తయ్య. "మిగిలిందంతా సంతృప్తే. నువ్వు టీ తాగు."

తర్వాత బొమ్మ తీసింది. మా రాళ్ల నెత్తిన ఒక మొక్క ఉంటుంది. ఎడమవైపు కొమ్మకి, ఒక్కో కొడుక్కీ ఒక తులిప్ పువ్వు. కుడివైపు కొమ్మకి, ఒక్కో కూతురికీ ఒక చుక్కపువ్వు. తల్లిదండ్రులకన్నా ముందు పోయిన బిడ్డ పువ్వు కాడ విరిగి వేలాడుతుంది. అత్తయ్య బొమ్మలో ఎడమవైపు ఒకే తులిప్, అది బ్రార్. కుడివైపు ఒకే చుక్కపువ్వు, అది హాంబుర్గ్‌లో ఉండే మా ఆడపడుచు తూరిడ్. తూరిడ్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ "అమ్మ చిక్కిపోయింది" అని నాతో చెప్పి, ఇంట్లో ఉన్న కేక్ తిని వెళ్తుంది.

నేను కాగితం తీసుకుని వెనక్కి తిప్పి కూడా చూశాను.

"ఏం వెతుకుతున్నావే?"

"నేనెక్కడున్నానా అని."

"నువ్వా?" అత్తయ్య నిజంగానే ఆశ్చర్యపోయింది. "కోడలికి పువ్వేంటే పిల్లా? పువ్వన్నాక కాండంలోంచి రావాలి."

నేను ఆ ఇంటికి వచ్చి ఇరవై ఆరేళ్లు. మాది సముద్రానికి అవతలి గట్టున, డిత్‌మార్షెన్. కనుచూపుమేర క్యాబేజీ తప్ప మరొకటి కనిపించని నేల. కొత్త పెళ్లికూతురిగా పడవ దిగిన రోజే అత్తయ్య నాకు క్యాబేజీ అని పేరు పెట్టింది. టెల్సె అనే నా అసలు పేరు డాక్టరుకీ, పోస్టుమనిషికీ తప్ప ఎవరికీ అవసరం పడలేదు. "గోంత్యె వాళ్ల క్యాబేజీ" అని వీధిలో పిలిస్తే పలికేదాన్ని. ఆవిడ తుంటి విరిగితే స్నానాలు చేయించాను. మామయ్య మంచం పట్టినప్పుడు ఆయన గడ్డం గీశాను. ఆవిడ పెళ్లినాటి వెండి బొత్తాలు తూరిడ్‌కే వెళ్తాయని తెలుసు, వాటి మీద నాకు ఆశ లేదు. నాకు కావలసింది ఒక్క పువ్వు. వేలెడంత చాలు. నేనూ ఈ ఇంట్లో బతికానని రాతి మీద ఒక్క గుర్తు.

"అంటే పోయాక కూడా నన్ను వంటింట్లోనే ఉంచుతారన్నమాట," అన్నాను.

"ఎవరు పోయాక? నేనింకా టీ తాగుతున్నా."

పడవకి వేళవుతోందంటూ బ్రార్ లేచాడు. అతను పడవ మీద టికెట్లు చూసే మనిషి. ఆ పడవకి ఇంకా గంటన్నర ఉంది.

*

అత్తయ్య పట్టుదలంతా నామెన్ చలవ.

కెప్టెన్ నామెన్ ఓకెన్ పోయి రెండువందల నలభై ఏళ్లు దాటింది. చర్చి దక్షిణపు గోడకి ఇనప కొక్కేలతో బిగించిన ఆయన రాయి మా దీవిలోకెల్లా పెద్దది. రెండువందల పదకొండు తిమింగలాలు. నలభై ఏడు ప్రయాణాలు. దారిలో ఓడ పోగొట్టుకుని, నాలుగేళ్లు జాడ లేకుండా పోయి, "దేవుని దయవల్ల 1755లో దూరదేశం నుంచి తిరిగివచ్చి," భార్య మారెట్‌తో మొత్తం ముప్పై తొమ్మిదేళ్లు సంతృప్తిగా కాపురం చేశాడు. నాలుగు తులిప్‌లు, మూడు చుక్కపువ్వులు. ఆ నాలుగో తులిప్, 1754లో పుట్టిన హార్క్, మా అత్తయ్య పుట్టింటి వంశానికి మూలపురుషుడు.

ఇదంతా నాకు నోటికొచ్చు. ముప్పై ఏళ్లుగా ప్రతి బుధవారం పదిన్నరకి అత్తయ్య పడవ దిగి వచ్చినవాళ్లని చర్చి దొడ్లో తిప్పుతూ, చేతికర్రతో రాయిని టకటక కొడుతూ ఈ కథ చెబుతుంది. ఇంట్లో కూడా ఎవరైనా తనకి ఎదురుచెబితే, "నాది నామెన్ రక్తం" అంటుంది. బంగాళాదుంపలు ఎంతసేపు ఉడకాలన్న దగ్గర కూడా.

ఏప్రిల్‌లో రాయి చెక్కే మెల్ఫ్ అవతలి గట్టు నుంచి వచ్చాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, కనుబొమల్లో ఎప్పుడూ రాతిపొడి. నామెన్ రాయి కొక్కేలు తుప్పుపట్టి రాయిని చీలుస్తున్నాయి, అది దించాలి. పనిలో పనిగా అత్తయ్య రాయి కూడా తనే చేస్తానన్నాడు.

"బుధవారం దించు," అంది అత్తయ్య. "జనం చూడాలి."

"జనం ఉంటే అడ్డమమ్మా."

"నామెన్ కిందికి దిగుతుంటే చూసేవాళ్లుండకూడదా?"

బుధవారం ఇరవై రెండు మంది వచ్చారు. అత్తయ్య కొత్త నీలం కోటు వేసుకుంది. నాకీ గోల వద్దన్నా వినకుండా నన్ను కూడా లాక్కెళ్లింది, మడత కుర్చీ మోయడానికి. మెల్ఫ్, అతని మనుషులిద్దరూ గొలుసులు వేసి రాయిని గోడ నుంచి విడదీసి, చెక్క దిమ్మల మీదికి మెల్లగా వాల్చారు. వాల్చాక వీపు పైకి వచ్చింది.

వీపు మీద కూడా అక్షరాలున్నాయి.

ముందువైపు వానకీ గాలికీ సగం అరిగిపోయింది. ఇటువైపు రెండువందల ఏళ్లకి పైగా గోడకి ఆని ఉంది కాబట్టి నిన్న చెక్కినట్టుంది. ఆ పాత రాత చదవగలిగేది అక్కడ మా అత్తయ్య ఒక్కతే. జనం చుట్టూ మూగారు. అత్తయ్య మోకాళ్ల మీద వంగి, గొంతు సవరించుకుంది.

"'ఇక్కడ నామెన్ ఓకెన్ ఉండాలి. సముద్రం ఉంచేసుకుంది కాబట్టి లేడు.'" తలెత్తి అందరినీ చూసింది. కళ్లు చెమర్చాయి. "పోయాడనుకుని మారెట్ రాయించింది, పాపం, భార్య. 'పదకొండు చలికాలాలు నాతో కాపురం చేశాడు. పదకొండు సార్లూ...'" వేలు రాయి మీద నడిచింది. "'పదకొండు సార్లూ, క్రిస్మస్ వెళ్లగానే, ఓడలు కదిలే ఫిబ్రవరి ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టాను.'"

ఎవరో కిసుక్కుమన్నారు. అక్కడ ఆపేస్తే సరిపోయేది. కానీ ముప్పై ఏళ్ల అలవాటు, రాయి కనిపిస్తే ఆవిడ నోరు ఆగదు.

"'గురక పెట్టేవాడు. ఎంత కడిగినా తిమింగలం కొవ్వు కంపు. నా మాట ఒక్కటీ చెవిన వేసుకోలేదు, ఓడ మీద మాత్రం చెవులు బాగానే పనిచేసేవని అందరూ చెప్పారు. అతని పైపు చర్చి గంటలు కొట్టే హార్క్‌కి ఇచ్చేశాను. వచ్చే ఈస్టర్‌కి నన్ను నేను కూడా ఇచ్చుకుంటున్నాను. మారెట్. 1753.'"

చర్చి దొడ్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఒక్క అత్తయ్యే నవ్వలేదు. ఆవిడ ఇంకా చివరి పంక్తి మీదే ఉంది.

బ్రేమెన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యానని పొద్దున పడవలోనే అందరికీ చెప్పుకున్నవాడు, చెయ్యెత్తాడు. "అమ్మా, మీ మూలపురుషుడు హార్క్ ఏ సంవత్సరంలో పుట్టాడన్నారు?"

"యాభై నాలుగు."

"నామెన్ గారు తిరిగొచ్చింది?"

అత్తయ్య చేతికర్ర కోసం తడుముకుంది.

"ఇటు మూడే తులిప్‌లు," అన్నాడు మెల్ఫ్, సాయం చేస్తున్నాననుకుని. "అటు నాలుగు."

అత్తయ్య లేచి నిలబడి చేతికర్ర నేలకేసి ఒక్కటి కొట్టింది. "ఇవాళ్టికి అయిపోయింది. పడవకి వేళయింది, వెళ్లండి."

పడవ నాలుగింటికి.

*

మేం ఇంటికి చేరేలోపే కబురు రొట్టెల కొట్టుకి చేరింది. మర్నాడు నేను వెళ్తే, కొట్టు నడిపే ఎలెన్ రొట్టె పొట్లం కడుతూ, "మీ ఇంట్లో ఇప్పుడు గంటలు ఎవరు కొడుతున్నారు?" అని అడిగింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేదు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల పండగలా ఉంది. అది బయటపడకుండా ఉండాలని ఆ వారమంతా అవసరానికి మించి బంగాళాదుంపలు చెక్కాను.

అత్తయ్య సైకిల్ తియ్యలేదు. వచ్చే బుధవారం తిప్పనని చర్చికి కబురు పంపింది. బ్రార్ ఓదార్చబోయాడు. "పోనీలే అమ్మా, గంటలు కొట్టేవాడూ మనిషే కదా," అన్నాడు. ఆ తర్వాత అతను రెండు రోజులు పడవ మీదే భోంచేశాడు.

నాలుగో రోజు నేను బట్టలు మడతపెడుతుంటే మా పడకగది తలుపు తెరుచుకుంది. ఎప్పటిలాగే తట్టలేదు. కాగితం, పెన్సిలు పట్టుకుని వచ్చి మా మంచం మీద కూర్చుంది.

"నేను పోయాక నా రాయి వెనక నువ్వేం రాస్తావ్?"

"వెనకా?"

"మారెట్ రాసినట్టు. నిజం చెప్పు, నసగకు."

"ఉప్పు గురించి రాస్తాను," అన్నాను. "నేను అటు తిరగ్గానే నా గిన్నెలో ఉప్పు వేస్తారు. ఇరవై ఆరేళ్లుగా."

"నువ్వు వెయ్యవుగా. ఇంకా?"

"తలుపు తట్టకుండా వస్తారు. పెళ్లయిన మొదటి వారంలో కూడా అలాగే వచ్చారు. బ్రార్ దుప్పటి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది."

"నా ఇంట్లో నేను తలుపు తట్టాలా?"

"చూశారా, ఆ ముక్క కూడా రాస్తాను."

కోప్పడుతుందనుకున్నాను. పెన్సిలు నాలికకి అద్ది, 'ఓర్పు గలది' అన్నది కొట్టేసింది. "దానికి బదులు ఏం పెట్టను?"

"ఏమీ పెట్టకండి."

'సంతృప్తిగా' కూడా కొట్టేసింది. అక్కడ 'పద్నాలుగు నెలలు తక్కువగా' అని రాసింది. రాసి, కాగితం దూరంగా పట్టుకుని చూసుకుంది. నచ్చినట్టే ఉంది.

ఇదే అదను అనుకున్నాను. "మరి పువ్వు సంగతేంటి అత్తయ్యా? నామెన్ తనది కాని పువ్వుని తన కొమ్మకే చెక్కించుకున్నాడు కదా. ఆయనకి లెక్క తెలీకనా? ఓడలు నడిపిన మనిషి."

"నాలుగు రోజులుగా అదే ఆలోచిస్తున్నా." ఆవిడ గొంతు మెత్తబడింది. "తెలిసే చెక్కించాడు. మొదట రాయి తిరగేసి పెళ్లాం తిట్లు గోడకి పెట్టాడు. తర్వాత ఆ పిల్లాణ్ణి కూడా వరసలో నిలబెట్టాడు. మా తాతముత్తాతలంతా ఆ పువ్వులోంచే వచ్చారు. ఊరంతటికీ తెలిసే ఉంటుంది. ఒక్కడూ నోరెత్తలేదు."

"మరింకేం?"

"ఇంకేం లేదు. ఆయన పెద్ద మనసుతో అబద్ధమాడాడు. నాకంత మనసు లేదు, రాతి మీద అబద్ధం ఇక నావల్ల కాదు. నువ్వు నా కాండానికి పూయలేదే పిల్లా. కాబట్టి పువ్వు లేదు." లేచింది. "వెనకవైపు నీకిస్తున్నా. ఏమన్నా రాసుకో. నేను చూడను."

మారెట్ నిజం రాయబట్టి నాకు పువ్వు దక్కలేదు. ఆ సాయంత్రం మారెట్‌ని కూడా నాలుగు తిట్టుకున్నాను.

వెనకవైపు! గోడకి ఆనే వైపు. అయినా ఇచ్చింది కదా అని కాగితం ముందేసుకున్నాను. మొదటిసారి రాసింది నాలుగు పేజీలొచ్చింది. ఫోన్‌లో చదివి వినిపిస్తే మెల్ఫ్, "అక్కా, నేను చెక్కేది రాయి, చర్చి గోడ కాదు," అన్నాడు. రెండోసారి రాసింది ఒక పేజీ. అందులో తూరిడ్ కేక్‌లు తీసేశాను. మూడోసారి ఉప్పు తీసేద్దామనుకుని మనసొప్పక ఉంచాను. నాలుగోసారి మిగిలింది ఇంతే:

"ఈమెతో ఇరవై ఆరేళ్లు ఒకే వంటింట్లో బతికాను. నా గిన్నెలో ఉప్పు వేసేది. ఏనాడూ తలుపు తట్టి రాలేదు. నాకు గర్భం పోయి తలుపు వేసుకుని పడుకున్నప్పుడు కూడా తట్టకుండానే వచ్చింది. టెల్సె."

మెల్ఫ్‌కి పంపే కవరు అంటించి బల్ల మీద పెట్టాను. అత్తయ్య తనే పోస్టులో వేసొస్తానని సైకిల్ తీసింది. చాలా రోజుల తర్వాత. పోస్టు డబ్బా మా వీధి చివరే ఉంది. ఆవిడ తిరిగొచ్చేసరికి గంట పట్టింది. ఎదురుగాలి అంది.

*

మే నెలలో బుధవారాలు మళ్లీ మొదలయ్యాయి. నామెన్ రాయిని తిరిగి గోడకే బిగిద్దామని చర్చి పెద్దలన్నారు. ఒప్పుకోనంది అత్తయ్య. రెండు వైపులూ కనబడేలా దొడ్డి మధ్యలో నిలబెట్టించింది. "మేం గంటలు కొట్టేవాడి సంతానం," అని తనే ముందు చెప్పేస్తోంది ఇప్పుడు, కర్రతో నాలుగో తులిప్‌ని కొడుతూ. లెక్క మాత్రం వచ్చినవాళ్ల చేత వేయిస్తుంది. జనం ముప్పైకి తగ్గడం లేదు.

ఆగస్టులో ఒక పొద్దున నేను చర్చి దాకా వెళ్లి వస్తూ రొట్టెలకి ఆగితే, ఎలెన్ కొట్టు తలుపు దగ్గరే పట్టుకుంది. "ఏమే, మీ అత్తగారి రాయి మీద క్యాబేజీ ఏంటి?"

"ఏం క్యాబేజీ?"

"నాకేం తెలుసు? ఇందాక మెల్ఫ్ బండిలో తెచ్చి మీ వాకిట్లో దించాడు. వీధంతా చూసొచ్చాం. నీకే తెలీదా?"

రొట్టెలు తీసుకోకుండానే వచ్చేశాను.

రాయి కొట్టం గోడకి ఓరగా, ముందువైపు వీధికి కనబడేలా నిలబెట్టి ఉంది. నెత్తిన మొక్క. ఎడమవైపు తులిప్. కుడివైపు చుక్కపువ్వు. ఆ మొక్క పాదు పక్కనే, దాన్ని తాకకుండా జానెడు ఎడంగా, తన వేరుతో తను నేలలో దిగబడి, ఆకులు విప్పుకుని గుండ్రంగా కూర్చుని ఉంది ఒక క్యాబేజీ. తులిప్‌కి మూడింతలుంది.

మెల్ఫ్ గొలుసులు చుట్టుకుంటున్నాడు. "ముప్పై ఏళ్లలో ఎన్ని తులిప్‌లు చెక్కానో లెక్కలేదక్కా. క్యాబేజీ ఇదే మొదలు. చూసి చెక్కమని మీ అత్తగారు ఒక నిజం క్యాబేజీ పంపించింది. పనయ్యాక వండుకు తినమంది."

అత్తయ్య గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నా మొహం కేసి చూడకుండా ఆకాశం కేసి చూస్తోంది, వాన వస్తుందేమో అన్నట్టు.

"పువ్వు అడిగితే కూరగాయ ఇచ్చారు," అన్నాను.

"పువ్వులు నా కొమ్మవి. ఇది దేని వేరు మీద అది ఉంది. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు."

దగ్గరికి వెళ్లి ఆకు అంచు మీద వేలు పెట్టి చూశాను. ఈనెలు కూడా చెక్కాడు మెల్ఫ్. "కాలీఫ్లవర్‌లా ఉంది," అన్నాను.

"డిత్‌మార్షెన్ వాళ్లకి ఏదీ ఒక పట్టాన నచ్చదు." లోపలికి తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. "వెనక నువ్వు రాసింది నేను చదవలేదు. కానీ ఆ ఉప్పు మాట అన్యాయం."

లోపలికి వెళ్లిపోయింది. మెల్ఫ్ బండి కదిలింది. నేను కాసేపు అక్కడే నిలబడి, కొంగలా మెడ సాచి రాయి వెనక్కి చూశాను. నా మాటలన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం పోలేదు. ఉప్పు కూడా ఉంది.

వంటింటి కిటికీలోంచి పొయ్యి మీద గిన్నె మూత లేచిన చప్పుడు వినబడింది. మధ్యాహ్నానికి నేను పెట్టిన బఠాణీ సూప్. ఇంకోసారి మూత చప్పుడు. నాకు నవ్వొచ్చింది, దానితో పాటు ముక్కు కూడా కారింది. ఆ మొహంతో లోపలికి వెళ్లలేక, పెరటి తలుపు దగ్గర ఆగి, ఎందుకో తెలీదు, రెండుసార్లు తట్టాను.

"ఎవరది?"

"నేనే అత్తయ్యా."

గిన్నె మూత టక్కున పడింది.

"నీ ఇంట్లో నువ్వు తలుపు తడతావేంటే?" అని అరిచింది లోపల్నించి. "రా!"